అటక మీది గంధర్వులు

*పేట చుట్టుపక్కల పుట్టిన గొంతులు లక్క ప్లేట్లలో ఎలా దాగాయి? వాటిని వెతికి పట్టే వెర్రివాళ్ళు మనకెందుకు కావాలి?*

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. ఒకరు తపాలా బిళ్ళలు పోగు చేస్తారు. ఒకరు చెల్లని నాణేలు దాచుకుంటారు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఒలిచి పుస్తకంలో అంటించుకునే వారూ ఉన్నారు. వీరందరినీ లోకం చూసీ చూడనట్టు పోనిస్తుంది. కాని పాత గ్రామఫోను ప్లేట్లు పోగు చేసే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఆ ఇంటి ఇల్లాలికి అది చిన్న పరీక్ష కాదు. ఒక్కొక్కటీ పళ్ళెమంత ఉంటుంది. బరువా, చెప్పనక్కరలేదు. పిల్లలు ముట్టుకుంటే పగులుతుందేమోనని భయం. బీరువాలో చీరలకు చోటు లేకపోయినా వాటికి చోటుండాలి. ఇంతా చేసి వాటిలో వినిపించేదేమిటి? ముందు కాసేపు పెనం మీద అట్టు వేగుతున్న చప్పుడు. ఆ తరువాత ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఒక హార్మణీ, దాని వెనకే ఒక గొంతు. మూడు నిమిషాలు గడిచేసరికి అదీ అయిపోతుంది.

మరి ఆ మూడు నిమిషాల కోసం మనిషి ఊళ్ళు పట్టుకుని తిరగడమేమిటి? ఈ సంగతి తెలుసుకోవడానికి ఏ మద్రాసో బొంబాయో పోనక్కరలేదు. చిలకలూరిపేట బజారులో నిలబడి నాలుగు దిక్కులా ఒకసారి చూస్తే చాలు.

పేట చుట్టూ ఒక గిరి

గుంటూరు నుంచి ఒంగోలు పోయే పెద్ద రోడ్డు మీద ఉన్న ఊరు చిలకలూరిపేట. పత్తికీ, పొగాకుకూ, మిరపకూ పేరుపడ్డ నల్లరేగడి నేల. మొన్న మొన్నటి దాకా గుంటూరు జిల్లాలో ఉండి, 2022లో పల్నాడు జిల్లాలో చేరింది. ఈ ఊరి పేరు చెప్పగానే వ్యాపారం గుర్తుకు వస్తుందే గాని సంగీతం గుర్తుకు రాదు. అయితే పేటను మధ్యలో పెట్టి చుట్టూ ఒక గిరి గీయండి. ఆ గిరిలో ఎవరెవరున్నారో చూడండి.

పెదనందిపాడు చేరువన కొమ్మూరు. ‘కరుణశ్రీ’ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు 1912లో పుట్టిన ఊరు. ఆయన ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ప్లేటుగా వచ్చాక, పద్యమంటే బెదిరిపోయే వాళ్ళు కూడా కంటతడి పెట్టుకున్నారు. పూలు కోయడానికి వెళ్ళి చెయ్యి ఆడక తిరిగి వచ్చామని చెప్పుకున్న ఇల్లాళ్ళూ ఉన్నారు.

సముద్రం వైపు పోతే బాపట్ల. స్థానం నరసింహారావుగారు 1902లో అక్కడ పుట్టారు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆడవేషాలు కట్టి, సత్యభామ అంటే ఇలాగే ఉండేది కాబోలునని ఆడవాళ్ళనే భ్రమింపజేసిన మనిషి. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో ‘మీరజాలగలడా’ పాట ఆయన చేర్చినదేనని ప్రసిద్ధి. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో సుశీలగారి గొంతులో ఆ పాట విని మురిసిన వారు లక్షల్లో ఉంటారు. కాని అంతకు ఎన్నో ఏళ్ళ క్రితమే ఆ పాట స్టేజీ మీదా, గ్రామఫోను ప్లేటు మీదా మోగింది.

ఆ బాపట్ల ప్రాంతంలోనే ఇటికంపాడు ఉంది. ‘సత్యహరిశ్చంద్రీయం’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో అక్కడ పుట్టారు. పడమటకు తిరిగితే వినుకొండ. అది 1895లో జన్మించిన గుర్రం జాషువాగారిది. ఈ ఇద్దరి కథా కాటిసీనులో కలిసింది. బలిజేపల్లివారి నాటకం ఆడుతూ ఆడుతూ నటులు కాటిసీనులోకి జాషువాగారి శ్మశాన పద్యాలను తెచ్చి కలుపుకున్నారు. చివరికి ఆ పద్యాలు లేకపోతే జనం హరిశ్చంద్రుణ్ణి స్టేజీ దిగనివ్వని స్థితి వచ్చింది. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన కవి పద్యాలు, ఆ ఊరి నడిబొడ్డునే పందిరి కింద అర్ధరాత్రి దాటాక మార్మోగాయి. పాడించుకున్న వారిలో ఎంతమందికి అది ఎవరి పద్యమో తెలుసు?

ఇంకాస్త చెయ్యి చాపితే తెనాలి వైపు వెళ్తాం. సుద్దపల్లిలో 1901లో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు నోట్లో వేలు పెట్టి ఈలతో రాగాలు పలికించేవారు. అందుకే ఆయన ఇంటిపేరు పోయి ‘ఈలపాట’ మిగిలింది. వేమూరు గగ్గయ్యగారు యముడై గర్జిస్తే పిల్లలు తల్లుల కొంగు పట్టుకునే వారు. పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యంగారు నాటకంలోంచి సినిమాకు వెళ్ళి వేల ఇళ్ళకు చేరారు.

ఇన్ని గొంతులు ఒకే నేల మీద! శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభల ముందు రాత్రంతా ఆటపాటలు చూసే అలవాటున్న జనం కనుకనే ఇక్కడ పద్యం అన్నంతో సమానమైంది. రాయబారం పద్యాలు తప్పు లేకుండా చదివే రైతులు, చదువు రాకపోయినా చెవితో పట్టి పాడే వాళ్ళు ఊరికి పదిమంది ఉండేవారు. ఈ గొంతుల్లో చాలా భాగం ఇప్పుడు ఎక్కడున్నాయంటారా? ప్లేట్లలో ఉన్నాయి. ఆ ప్లేట్లు అటకల మీద ఉన్నాయి.

లక్కలో చిక్కిన స్వరం

గ్రామఫోను ప్లేటు పుట్టుక చిత్రమైనది. బల్లపరుపు ప్లేటు మీద ధ్వనిని గీసే విద్యకు ఎమిల్ బెర్లినర్ అనే ఆయన 1887లో అమెరికాలో హక్కు పొందాడు. పదిహేనేళ్ళు తిరిగేసరికి, 1902 నవంబరులో, ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే కంపెనీ ఉద్యోగి పెట్టె బేడాతో కలకత్తాలో దిగాడు. గౌహర్‌జాన్ వంటి గాయకురాళ్ళ చేత పాడించాడు. అప్పట్లో మైకు లేదు. పెద్ద బాకాలో తలదూర్చి గట్టిగా పాడాలి. ఆ శబ్దానికి ముల్లు కదిలి మైనపు పలక మీద గీతలు పడేవి. ఆ పలకలను ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పంపితే అక్కడ ప్లేట్లు అచ్చయి తిరిగి వచ్చేవి. అక్కడి పనివాళ్ళకు మన భాష తెలియదు. ఏది ఎవరి పాటో ఎలా పోల్చుకుంటారు? అందుకని పాట చివర గాయకురాలు తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ నాటి ప్లేట్లలో ఇప్పటికీ ఆ పలుకు వినిపిస్తుంది. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చాక జర్మనీ ప్రయాణం తప్పింది. 1925 నాటికి మైకు వచ్చి బాకాలో తలదూర్చే బాధ కూడా తప్పింది.

ప్లేటుకు ముఖ్యమైన సరుకు లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద చిన్న పురుగు కట్టే జిగురే లక్క. మన గాజులకూ సీలుకూ వాడేదే. ఆ లక్కలో రాతిపొడి, నల్లమసి కలిపి, వేడి చేసి, అచ్చులో నొక్కితే ప్లేటు తయారు. ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే పోయేది. అంటే ఇంగ్లండులో మోగిన పాటలో కూడా మన పురుగు కష్టం ఉందన్నమాట!

పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. కీ ఇచ్చి, ముల్లు మార్చి, నెమ్మదిగా దించాలి. ముల్లు ఒక పాటకు అరిగిపోతుంది కనుక డబ్బీ నిండా ముళ్ళు కొని ఉంచుకునే వారు. బాకా ముందు కూర్చుని యజమాని గొంతు వింటున్న కుక్క బొమ్మను ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు గీశాడు. ఆ బొమ్మ వల్ల మనవాళ్ళకు ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ అన్న పేరు నోరు తిరగకపోయినా ఇబ్బంది లేకపోయింది. ‘కుక్క మార్కు ప్లేటు’ అనేస్తే సరిపోయేది. కొలంబియా, ఓడియన్, ట్విన్, హచిన్స్ వంటి మార్కులు కూడా తెలుగు నాట ఇళ్ళకు చేరాయి.

వన్స్‌మోర్!

నాటకం చూసిన వారికి ‘వన్స్‌మోర్’ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నటుడు పద్యం ఎత్తుకుని, రాగం సాగదీసి, చివర పై షడ్జం అందుకోగానే పందిరంతా ఒక్క కేక. చచ్చి పడి ఉన్న పాత్ర అయినా సరే, లేచి మళ్ళీ పాడవలసిందే. అంతటి జనానికి గ్రామఫోను దొరికితే ఏమవుతుంది? ఎన్నిసార్లు వన్స్‌మోర్ అన్నా విసుక్కోని నటుడు ఇంటికి వచ్చి కూర్చున్నట్టయింది!

మైలవరం నాటకసమాజంలో పేరు మోసిన కపిలవాయి రామనాథశాస్త్రిగారి ప్లేట్లకు ఆ రోజుల్లో ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. ఆయన నాటకం ఒక్కటీ చూడని వాళ్ళు కూడా ఆయన బాణీ పాడేవారు. ఆ తరువాతి కాలంలో శ్రీకృష్ణుడంటే పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు. హరిశ్చంద్రుడంటే డి.వి. సుబ్బారావు. ఊళ్ళో నాటకం వేయదలచిన కుర్రవాడికి ప్లేటే గురువు. పెట్టె ముందు కూర్చుని, ముల్లు వెనక్కి పెట్టి పెట్టి, గమకం వచ్చేదాకా సాధన చేసేవాడు.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. స్టేజీ మీద పది నిమిషాలు సాగే పద్యాన్ని ప్లేటు కోసం మూడు నిమిషాలకు కుదించాలి. ఆలాపన తగ్గించాలి, వాచికం కత్తిరించాలి. అలా కుదించిన బాణీనే విని నేర్చుకున్న తరం అదే అసలైన బాణీ అనుకుంది. అందుచేత ఒకే పద్యాన్ని ఒకే నటుడు వేర్వేరు సంవత్సరాల్లో పాడిన రెండు ప్లేట్లు దొరికితే సేకర్త పొంగిపోతాడు. మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి. అతనికి మాత్రం ఆ రెంటి నడుమ నాటకం ఎలా మారిందో వినిపిస్తుంది.

ప్లేటు ఇంటితో ఆగలేదు. పెళ్ళిపందిట్లో మైకుసెట్టు వాడి దగ్గరికి పోయింది. టూరింగు టాకీసుకు పోయింది. ఘంటసాలగారి ‘నమో వెంకటేశా’ మోగిందంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. పొలాల్లో ఉన్న వాళ్ళు ఆ పాట విని గబగబా కాళ్ళు కడుక్కుని బయలుదేరే వారు.

ఎక్కడి స్వీడను, ఎక్కడి పేట!

ఇటువంటి వెర్రి మనకే ఉందనుకుంటే పొరపాటు. ఉత్తర ధ్రువం చేరువన స్వీడను దేశం ఉంది. జనాభా బాగా తక్కువ. 1960ల చివరలో అక్కడి కుర్రవాళ్ళు కొందరు గిటార్లు, డోళ్ళు పట్టుకుని రాక్ సంగీతం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో రాక్ అంటే ఇంగ్లీషులోనే పాడాలని లోకమంతా అనుకునేది. వీళ్ళలో చాలామంది మాత్రం తమ స్వీడిష్ భాషలోనే పాడారు. ‘నవంబర్’ అనే బృందం 1970లో తెచ్చిన ఎల్పీ అటువంటిదే. ‘చెట్లు, గడ్డి, రాళ్ళు’ అని అర్థం వచ్చే పేరుతో ఇంకొక బృందం ఉండేది. ‘దుప్పుల తోట’ అని మరొకటి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది వీరి ధోరణి! పెద్ద కంపెనీల కోసం ఎదురుచూడకుండా 1969లో వాక్స్‌హోల్మ్ అనే చిన్న పట్టణంలో ఒకటి, మరుసటి ఏడు ‘సైలెన్స్’ అనే పేరుతో మరొకటి, సొంత రికార్డు సంస్థలు పెట్టుకున్నారు.

ఇటువంటి చిన్న సంస్థల ప్లేట్లు వేసినవే తక్కువ. స్వీడనులో అమ్ముడుపోయినవి అమ్ముడుపోయాయి, మిగిలినవి మూలపడ్డాయి. యాభై ఏళ్ళు తిరిగేసరికి జపానులో, అమెరికాలో ఉన్న సేకర్తలు వాటి కోసం పోటీలు పడి కొంటున్నారు. వారిలో స్వీడిష్ ఒక్క ముక్క రానివారే ఎక్కువ! అన్నిటికంటె విచిత్రమేమిటంటే, ‘చెట్లు, గడ్డి, రాళ్ళు’ బృందానికి పూర్వరూపమైన ‘పార్సన్ సౌండ్’ వారు 1967, 68లలో టేపు మీదికి ఎక్కించిన సంగీతం ఆనాడు ప్లేటుగా రానేలేదు. 2001లో గాని లోకానికి వినిపించలేదు. దాచిన వారుండబట్టి మిగిలింది. లేకపోతే అటువంటి సంగీతం పుట్టిందనే సంగతి కూడా మరుగున పడిపోయేది.

రాక్ సంగీతానికీ రాయబారం పద్యానికీ పోలికేమిటని నవ్వకండి. రెంటిలోనూ సేకర్తను పట్టిలాగేది ఒకటే. పెద్ద బజారు కోసం కాక, తమ ఊరి వాళ్ళ కోసం, తమ నోటి మాటలో పాడిన పాట అది. ఆ నేల వాసన మరే పాటలోనూ దొరకదు. దొరికే ప్లేట్లేమో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. తేడా అల్లా ఒక్కటే. స్వీడను వారి ప్లేట్లకు ప్రపంచమంతా గిరాకీ ఉంది. మన పద్యాల ప్లేట్లకు మన ఇంట్లోనే దిక్కులేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

ఏ ప్లేటుకు విలువ?

పాతదైతే చాలు వేలకు వేలు పలుకుతుందని కొందరి భ్రమ. అది నిజం కాదు. ఆ రోజుల్లో ఇంటింటా మోగిన సినిమాపాటల ప్లేట్లు లెక్కకు మించి అమ్ముడుపోయాయి. అందుచేత ఇప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. వాటి మీద ముచ్చట ఎంత ఉన్నా ధర పెద్దగా ఉండదు. విలువంతా అమ్ముడుపోని ప్లేటుది! పేరు రాకముందే పోయిన నటుడు, రెండే రెండు ప్లేట్లిచ్చి మానేసిన గాయని, చిన్న మార్కు కంపెనీ, జనానికి నచ్చని నాటకం—వీటి ప్లేట్లు కొన్నవారే తక్కువ కనుక మిగిలినవీ తక్కువే. ఆనాటి అపజయమే నేటి అపురూపం.

అనుభవం ఉన్న సేకర్త ప్లేటు చేతికి రాగానే పాట పేరు చూడడు. చీటీ చుట్టూ ఉన్న నల్లని ఖాళీ జాగాలో చెక్కిన అంకెలు వెలుగుకు పట్టి చూస్తాడు. అవి ఆ పాట రికార్డు చేసినప్పుడు వేసిన వరుస సంఖ్యలు. వాటిని బట్టి ఏ కాలంలో, ఏ విడతలో రికార్డయిందో కూపీ తీస్తాడు. చీటీ రంగు, మార్కు బొమ్మ, కాగితపు సంచీ మీద పాత దుకాణం పేరు—అన్నీ అతనికి సాక్ష్యాలే. తరువాత అంచు తడిమి బీట పడిందేమో చూస్తాడు. చివరికి గాని పాట వినడు.

ఈ విద్యలో తెలుగువారికి పెద్ద పేరు తెచ్చినవారు వి.ఎ.కె. రంగారావుగారు. బొబ్బిలి రాజవంశీకులు. మద్రాసులో ఉంటూ వేలకు వేలు 78 చుట్ల ప్లేట్లు కూడబెట్టారు. ఆ సేకరణ లిమ్కా రికార్డుల పుస్తకానికి ఎక్కింది. కూడబెట్టి తలుపు వేసుకుని కూర్చోలేదు. ఏ పాట ఎవరిది, ఎవరు రాశారు, ఎవరు వాయించారు అని పత్రికల్లో రాశారు. ‘అలనాటి అందాలు’ పేరుతో పాత తెలుగు పాటలను కూర్చి మళ్ళీ బయటికి తెప్పించారు. ప్లేటు పోగు చేయడం వేరు, ప్లేటును చదవడం వేరు అని చూపించిన మనిషి. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఒకటి ఏర్పడింది. ఇటువంటి వెర్రివాళ్ళందరూ కలుసుకుని ఒకరి సమాచారం ఒకరికి చెప్పుకునే ఏర్పాటు అది.

కాటాకెక్కిన గొంతులు

ఇక అసలు బాధ. 1970ల మొదట్లో మన దేశంలో లక్క ప్లేట్ల కాలం ముగిసింది. వినైలు ఎల్పీలు వచ్చాయి. అవి మెత్తన, పగలవు, ఒక వైపే ఇరవై నిమిషాలు పాడతాయి. ఆ వెనకే కేసెట్టు వచ్చి వాటినీ పక్కకు నెట్టింది. కీ ఇచ్చే పెట్టె పాడైంది. బాగుచేసే వాడు లేడు. ప్లేట్లు అటకెక్కాయి. తాతగారు పోయాక ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు కిందికి దిగాయి. దిగి ఎక్కడికి పోయాయి? పాత సామాన్లవాడి కాటాలోకి పోయాయి. అతనికి అదీ ఇనుమూ సీసాలూ ఒకటే. లక్క ప్లేటుకు మళ్ళీ కరిగే గిరాకీ కూడా లేదాయె. మోతలో పగిలితే పగిలింది.

సేకర్తలకు ఆటపట్టుగా ఉండిన మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. కొత్త ప్లేటు అచ్చు వేద్దామంటే, లోహపు అచ్చులు అన్ని పాటలకూ కంపెనీల దగ్గర మిగలలేదు. తొలినాటి తెలుగు టాకీల్లో కొన్నింటి ఫిలిం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ రోజుల పాటలు వినాలంటే ప్లేట్లే ఆధారం. నాటకానికైతే ఫిలిమే లేదు. స్థానంవారు సత్యభామగా ఎలా అలిగారో ఫోటో చెప్పవచ్చు. ఆ అలకలో గొంతు ఎలా తిరిగిందో ఫోటో ఏం చెబుతుంది? 1971లో ఆయన పోయారు. ఆ గొంతు విన్న కడపటి తరమూ తరిగిపోతున్నది. ఇక మిగిలింది ప్లేటు.

ఇందులో విచిత్రం చూడండి. పెద్ద దేశాల్లో వినైలు ప్లేటుకు మళ్ళీ మంచి రోజులు వచ్చాయి. 1987 తరువాత మొదటిసారిగా 2022లో అమెరికాలో సీడీల కంటె వినైలు ప్లేట్లే ఎక్కువ అమ్ముడుపోయాయి. మన నగరాల్లో కూడా కుర్రకారు ఎల్పీలు కొని గోడకు అలంకరించుకుంటున్నారు. సంతోషమే. కాని ఆ కొత్త మోజు ఎల్పీ దగ్గరే ఆగిపోతున్నది. లక్క ప్లేటు దాకా, అందులోనూ పద్యం దాకా వచ్చేవారు బహు తక్కువ.

సేకర్తల్లోనూ దోషం లేకపోలేదు. దొరికిన అపురూపాన్ని ఎవరికీ వినిపించకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకునే వారు కొందరున్నారు. ఇంకొకడి దగ్గర లేదనే సంతోషమే వారికి సంగీతం! అటువంటి వాడి తరువాత ఆ బీరువా తెరిచే వారసులకు అందులో ఏముందో తెలియదు. మళ్ళీ కాటాయే గతి. ప్లేటు అటక మీద ఉన్నా, తాళం వేసిన బీరువాలో ఉన్నా వినిపించకపోవడం ఒకటే కదా.

మీ ఇంట్లో ఉంటే

పొగాకు మంచి ధర పలికిన ఏడాదో, పత్తి కలిసొచ్చిన ఏడాదో, ఇంట్లో పెళ్ళి పేరు చెప్పో మీ తాతగారు ఒక పెట్టె కొని ఉండవచ్చు. అటక మీద ఇంకా నాలుగు ప్లేట్లు ఉంటే, కింది సంగతులు గుర్తుంచుకోండి.

ప్లేట్లను ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చవద్దు. అడుగువాటికి బరువు తగిలి బీటలు వారతాయి. పుస్తకాల్లాగా నిలువుగా, ఒరిగిపోకుండా పెట్టండి. మన వైపు ఎండ సంగతి తెలిసిందే. రేకుల కప్పు కింద అటక వేసవిలో పొయ్యే. అక్కడ ఉంచితే ప్లేటు వంకరపోతుంది. చల్లని గదిలోకి దించండి.

దుమ్ము ఉంటే మెత్తటి గుడ్డను నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, గీతల వెంట గుండ్రంగా తుడవండి. చీటీ తడవనీయవద్దు. స్పిరిటూ, చేతులకు రాసుకునే శానిటైజరూ లక్క ప్లేటుకు పొరపాటున కూడా తగలనివ్వవద్దు. లక్క స్పిరిటులో కరుగుతుంది. ఒక్క తుడుపుతో పాట చెరిగిపోతుంది. మెరుస్తుంది గదా అని కొబ్బరినూనె రాయడమూ కూడదు.

సరదా కొద్దీ పాత పెట్టె మీద పదే పదే మోగించకండి. బరువైన ఇనుప ముల్లు పడ్డ ప్రతిసారీ గీత కాస్త అరుగుతుంది. తెలిసిన వారి చేత ఒక్కసారి సరిగా తేలిక ముల్లుతో మోగించి, కంప్యూటరులోకి ఎక్కించుకుంటే ఇక ప్లేటు చెడకుండా ఎన్నిసార్లయినా వినవచ్చు. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద కంపెనీకి ఉండే హక్కు అది వెలువడిన నాటి నుంచి 60 ఏళ్ళ వరకే. అయితే పద్యం రాసిన కవి హక్కు వేరు. అది ఆయన పోయిన తరువాత కూడా 60 ఏళ్ళు ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటుంది. ప్లేటుతో పాటు దాని కథ రాసి పెట్టండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో కొన్నారు, ఏ పద్యానికి బామ్మగారు పని ఆపి వచ్చి కూర్చునేది, ఎవరి దగ్గర విని ఎవరు నేర్చుకున్నారు—ఇవేవీ చీటీ మీద ఉండవు. ఇంట్లో ఎనభై దాటిన వారుంటే ఇవాళే అడగండి. ప్లేటు మోగిస్తే వాళ్ళే చెబుతారు. మతిమరుపు వచ్చిన వాళ్ళు కూడా చిన్ననాటి పాట రెండో చరణం అందుకోవడం చాలా ఇళ్ళలో చూసిన సంగతే.

మీకు అక్కరలేదనుకుంటే సేకర్తకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: పాట ఎక్కించి ఒక ప్రతి మీకూ ఇవ్వాలని. నిజమైన సేకర్త సంతోషంగా ఒప్పుకుంటాడు. ఒప్పుకోని వాడికి ఇవ్వకండి.

సంక్రాంతి వస్తుంది. ఇల్లు దులుపుతారు. అటక మీది పనికిరాని సామానంతా కిందికి దిగుతుంది. పిల్లలు ఉత్సాహంగా దొరికిందల్లా భోగిమంటకు మోసుకుపోతారు. ఆ పూట పెద్దవాళ్ళు కాస్త వాకిట్లో నిలబడి, మంటలోకి పోతున్న వాటిని ఒక చూపు చూడండి. నల్లగా, గుండ్రంగా, నడుమ చిల్లుతో ఏదైనా కనిపిస్తే ముందు దాని చీటీ మీది పేరు చదవండి.